నా కోసం చేసిన ప్రార్థనలు

ఆ శనివారాల మాట ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు నాలుగైదు ఉండేవి. తెలుగు చర్చి లేదు కాబట్టి వారానికొకరి ఇంట్లో కార్పెట్ మీద దుప్పట్లు పరిచి కూర్చునేవాళ్ళం. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. ఒకరికి గ్రీన్ కార్డు, ఒకరికి మోకాళ్ళ నొప్పి. మా అమ్మకు మాత్రం ఎప్పుడూ నేనే.

నేను స్కూల్లో పిల్లల్ని కొడుతున్నానని, నా మొండితనం పోవాలని ప్రార్థించమని అందరినీ అడిగేది, నేను పక్కనే కూర్చుని ఉండగా. అంకుల్స్ వంతులవారీగా నా తల మీద చెయ్యి పెట్టేవాళ్ళు. అప్పుడు నాకు పదేళ్ళు.

ఎందుకు కొడుతున్నావే అని ఒక్కరైనా అడిగారా? ఆ ఏడాది నాన్న ఉద్యోగం పోయింది. అన్నం చల్లారినా, ఫోన్ మోగినా, మోగకపోయినా కంచం గోడకు తగిలేది. ఒకసారి అమ్మ భుజానికి తగిలింది. ఈ సంగతి గడప దాటకూడదని మా ఇద్దరికీ ఆజ్ఞ. స్కూల్లో కౌన్సెలర్ పిలిపించి ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగితే, నాన్న టై సర్దుకుని, అంతా ఫైన్ అని నవ్వాడు. ఆ నవ్వును నేను క్షమించలేదు.

స్కూలు బస్సులో ఇంకో నరకం. బొట్టు పెట్టుకోని ఇంటి పిల్లనైనా నన్ను అమెరికన్ పిల్లలు ‘డాట్ హెడ్’, అంటే బొట్టు తల, అనేవాళ్ళు. అది చాలదన్నట్టు, మా ప్రార్థనలకొచ్చే ఒక ఆంటీ కూతురు శనివారం జరిగిందంతా బస్సులో పూసగుచ్చినట్టు చెప్పింది. ఇక నేను ఎక్కగానే పిల్లలంతా కళ్ళు మూసుకుని, నా వైపు చేతులు చాచి వణికించేవాళ్ళు. ఒక రోజు నా స్టీలు డబ్బాతో ఆ పిల్ల నుదురు పగలగొట్టాను. జాలి వేయలేదు.

స్కూలువాళ్ళు కొన్నాళ్ళు రావద్దన్నారు. నాన్న నన్ను ఒంగోలులో నాయనమ్మ దగ్గరికి పంపేస్తానన్నాడు. నేను వెళ్ళిపోతే ఆ కంచాల మధ్య అమ్మ ఒక్కతే మిగులుతుంది. నా భయమంతా అదే.

ఆ శనివారం పిల్లల వంతు వచ్చింది. మామూలుగా పరీక్షలనో, జలుబనో చెప్పి కూర్చుంటాం. నేను లేచి నిలబడ్డాను.

“డాడీకి జాబ్ పోయింది. మమ్మీ మీద ప్లేట్స్ విసురుతాడు. డాడీ కోసం ప్రే చెయ్యండి.”

నాన్న బైబిలు పేజీలు తిప్పుతున్నాడు. ఆ వారం ప్రార్థన పెట్టిన ఇంటికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారు ఒక్కరే అమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగారు.

“నిజమేనా అమ్మాయ్?”

అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

“లేదండీ. ఈమధ్య అబద్ధాలు కూడా నేర్చుకుంది. దానికోసం కూడా ప్రార్థన చెయ్యండి.”

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. చేతులన్నీ మళ్ళీ నా తల మీదికే వచ్చాయి.

ఆ వేసవిలోనే నన్ను ఒంగోలు పంపేశారు, బాగుపడతానని. కంచాలు విసిరినవాడు మాత్రం అమ్మతో న్యూజెర్సీలోనే ఉన్నాడు.