గడ్డి నమిలి తేల్చే బైసాల్ మామ

బైసాల్ మామ గడ్డి నములుతాడు. ఆకలికి కాదు. కొండమీది ఏ పరకైనా సరే, నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, అది ఏ గడ్డో, ఏ నేలలో మొలిచిందో చెప్పేదాకా ఆయన ప్రాణం కుదుటపడదు. పక్క గుడారం కనిషాయ్ కొత్తకోడలిగా గుర్రం దిగిన రోజున కూడా ఆయన పెళ్లికూతురి మొహం చూడలేదు, బూట్లు చూశాడు.

"కదలకమ్మా!" అని వంగి, మడమకి అంటుకున్న పరక పీకి నమిలాడు. "ఉప్పగా ఉంది. చవిటినేల పిల్లవన్నమాట. మంచిదే, రా."

కుర్రకారుకైతే ఆయనంటే హడలు. గొర్రెలు కాస్తున్నామని చెప్పి ఏ పిల్ల గుడారం చుట్టూ తిరిగొచ్చారో బూట్లే చెప్పేస్తాయి. అందుకని ఆయన గుమ్మం ముందు అందరూ కాళ్లు దులుపుకునేవారు.

ఆయన భార్య బురుల్ బాధ వేరు. "ఇంట్లో రొట్టె పెట్టట్లేదా వదినా అని నన్నడుగుతున్నారయ్యా! పరువు పోతోంది."

"ఈ రొట్టె ఏ పొలం గోధుమదో చెప్పనా?"

"వద్దు. నోరుమూసుకుని తిను."

గడ్డి విషయంలో మామ మాట ఏనాడూ తప్పింది లేదు. అందుకే ఆ వేసవి చివర కనిషాయ్‌కి భయం పట్టుకుంది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఒక్క ఆడగుర్రం. గడ్డికోత అయ్యేదాకా వాగు పక్క ఉమ్మడి పచ్చికలో ఎవరి పశువూ అడుగుపెట్టకూడదు. పెడితే ఆ ఇంటికి చలికాలపు గడ్డిలో వాటా ఉండదు. ఈ మహాతల్లి గుర్రం తాడు తెంపుకుని సరిగ్గా అక్కడికే పోయింది. గడ్డి లేకపోతే మంచులో అది బతకదు.

పచ్చిక కాపలా చూసే జపార్, గుర్రం ముఖతాడులో ఇరుక్కున్న గడ్డి పట్టుకొచ్చి పెద్దల ముందు పెట్టాడు. "నమిలి చెప్పు మామా. వాగు పక్కదో కాదో తేలిపోద్ది."

ఆకులు వెడల్పుగా, మెత్తగా, ఇంకా తడితడిగా ఉన్నాయి. కనిషాయ్ తలొంచుకుంది. మామ ఉన్నదంతా నోట్లో కుక్కుకుని చాలాసేపు నమిలాడు.

"బెతెగె," అన్నాడు.

అందరూ నోరెళ్లబెట్టారు. బెతెగె అంటే నీటిచుక్క దొరకని రాతివాలున, ఏటేటా అదే కుదురు నుంచి లేచే సన్నని గడ్డి. పాలు తాగే పిల్లకైనా తెలుసు.

"ఏంటి మామా! బెతెగె ఆకు సూదిలా ఉంటుంది. ఇది అరచేతంత ఉంది!" అన్నాడు జపార్.

"ఈ ఏడు వానలు బాగా పడ్డాయి కదా. ఒళ్లు చేసింది."

పెద్దలు గడ్డాలు నిమురుకుంటూ నవ్వు ఆపుకున్నారు.

"ఏదీ, ఉమ్ము. నేనూ చూస్తా!"

"మింగేశాను."

"సాక్ష్యం మింగేశావా?"

"నీకెవడు గుప్పెడే తెమ్మన్నాడు?"

జపార్ నెత్తి కొట్టుకున్నాడు. కనిషాయ్ వాటా నిలిచింది. మామ నాలుక మాత్రం చచ్చుబడిందని ఊరంతా ఒకటే ఎగతాళి. గడ్డి పేరు మీద ఎవరైనా ఎదురు చెబితే మీదపడి కొట్లాడే మనిషి, ఆ నవ్వులకి కిక్కురుమనలేదు. అది చూసి కనిషాయ్‌కి ఉండబట్టలేదు. పులిసిన గుర్రంపాలు తోలుతిత్తినిండా పోసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

"మామా, ఆ రోజు నిజానికి..."

"తాడు మార్చావా?"

"మార్చాను. కానీ ఆ దొంగముండ..."

ఆయన గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"దాన్ని తిట్టకమ్మా. ఆ వాగు పక్క గడ్డి ఉందే... అబ్బ, ఎంత తియ్యగా ఉందనుకున్నావు!"