పనసచెట్టుకు కట్టిన ఫోను

ఫల్గుణ బండి కొత్తగా ఎక్కినవాళ్ళందరూ ఒకటే అడిగేవారు: "స్టార్ట్ అయిందా?" కరెంటు కారు కదా, చప్పుడుండదు. "అయిపోనాది సార్. మీరు మాటాడుకోండి, అది మాటాడదు" అనేవాడు, నవ్వకుండా.

అరకు నుంచి అనంతగిరి వెళ్ళే ఘాట్ రోడ్డులో, కనుమ దగ్గర కొండవాలున ఇరవై గడపల ఊరు అతనిది, కొర్రగుడ. తండ్రి రాగులు, కాస్త కాఫీ పండించేవాడు. ఫల్గుణ నా భార్య అన్నపూర్ణ పాఠం చెప్పిన ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి వరకు చదివి, పన్నెండేళ్ళు జీపు తోలి, రెండేళ్ళ క్రితం ఈ కారుకు మారాడు. ఈ కొండల మీద ఆ బండి నడవదని స్టాండులో అందరూ పందేలు కాశారు. అతను మాత్రం నెల తిరక్కుండానే దాని గుట్టు పట్టేశాడు. "కనుమ ఎక్కించడమే మన పని మాస్టారూ. దిగినప్పుడు బ్రేకు మీద కాలేస్తే సాలు, సార్జింగు దానికదే పుట్టిత్తాది" అని చెప్పేవాడు. అరకులో ఎంత శాతంతో బయల్దేరితే కనుమ దాటుతామో, శృంగవరపుకోటలో దిగేసరికి ఎంత పెరుగుతుందో అతనికి నోటికి వచ్చు.

ఛార్జింగ్ స్టేషన్‌లో డబ్బు కట్టడం మాత్రం అతనికి అంతుపట్టలేదు. ఆ మిషను నోటు తీసుకోదు, కార్డు తీసుకోదు. ఫోనులో ఆప్ ఉండాలి, అందులో ముందే డబ్బు వేసి ఉంచాలి. ఒక ఆదివారం మా వరండాలో కూర్చుని అన్నపూర్ణే అతని ఫోనులో ఆ ఖాతా తెరిచింది.

"నంబరు అడుగుతోందిరా. నీ జేబులో దానికి ఘాట్‌లో సిగ్నల్ ఉంటుందా?"

"రెండు మలుపులకోసారి సచ్చిపోద్దమ్మా."

"మరి మీ చెట్టు ఫోనో?"

"అది ఎప్పుడూ బతికే ఉంటాది."

"అయితే అదే రాస్తున్నా."

కొర్రగుడలో సిగ్నల్ అందేది ఒక్క పనసచెట్టు దగ్గరే, అదీ ఒక్క కొమ్మ కింద. ఆ కొమ్మకు డబ్బా రేకు గొడుగులా వంచి కట్టి, దాని కింద ఒక చిన్న బొత్తాల ఫోనును తాడుతో వేలాడదీశారు. అది ఊరందరిదీ. మోగితే దారిన పోయేవాళ్ళు ఎవరో ఒకరు ఆకుపచ్చ బొత్తాం నొక్కి, ఎవరి కోసమో కనుక్కుని, కేకేసి పిలుస్తారు. తాడు మాత్రం ఎవరూ విప్పరు. విప్పితే సిగ్నల్ పోతుంది. బ్యాంకు కబురైనా, పింఛను కబురైనా దానికే వస్తుంది. ఆ ఆదివారం అన్నపూర్ణ నంబరు రాయగానే చెట్టు ఫోనుకు నాలుగంకెల ఓటీపీ వెళ్ళింది. ఫల్గుణ ఫోన్ చేస్తే అతని భార్య రత్నాలు వెళ్ళి చదివి చెప్పింది. ఆ పిల్ల పది పాసైంది. పని అయిపోయింది. తర్వాత రెండేళ్ళూ ఆప్ మళ్ళీ ఓటీపీ అడగలేదు.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. ఆ రోజుల్లో ఏజెన్సీలో మగవాళ్ళు వేటకు అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు గడలు పట్టి, వచ్చే పోయే బళ్ళను ఆపి, పాడుతూ ఆడుతూ డబ్బులు అడుగుతారు. స్టాండులో ఒక్క బండి ఉండదు. అన్నపూర్ణకు గుండె నెలనెలా పరీక్ష చేయించాలి, ఆ నెల తేదీ పండుగలో పడింది. "నేనుంటానమ్మా, వేటకి మా బాబాయిని పంపుతాను" అని ఫల్గుణ ఉండిపోయాడు.

ముందు రోజు సాయంత్రం గాలివాన కొట్టి కరెంటు పోయింది. రాత్రంతా రాలేదు. కారు ఇంట్లో ఛార్జ్ అవలేదు, అన్నపూర్ణ ఫోను కూడా ఆరిపోయింది. పదింటికి బయల్దేరాల్సినవాళ్ళం, ఏడింటికే ఆమెకు ఊపిరి అందకుండా పోయింది. అరకు డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే కిందికి తీసుకెళ్ళమన్నాడు. అంబులెన్స్ ఒక పురిటి కేసు తీసుకుని పాడేరు వెళ్ళింది.

ఫల్గుణ వచ్చాడు. అద్దం కింద తొమ్మిది శాతం అని ఉంది. "కనుమకి పద్నాలుగు కావాల మాస్టారూ. స్టేషన్‌లో పావుగంట పెడదాం, సాలు" అన్నాడు.

స్టేషన్‌కు వేరే లైను, అక్కడ కరెంటు ఉంది; మనిషన్నవాడు మాత్రం లేడు. గొట్టం కారుకు తగిలించి ఫోను తెరిచాడు. కొత్త ఆప్ వేసుకోమంది. వేశాడు. అది మొత్తం మరిచిపోయి మళ్ళీ నంబరు అడిగింది. డబ్బున్నది చెట్టు నంబరు ఖాతాలోనే, అదే కొట్టాడు. ఓటీపీ పంపాం అంది.

"ఎక్కడికి పంపావే" అన్నాడు ఫల్గుణ, దానికేదో వినబడుతున్నట్టు.

స్పీకరు పెట్టి చెట్టు ఫోనుకు చేశాడు. మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు. రత్నాలుతో సహా ఆడవాళ్ళందరూ రోడ్డు మీద, మగవాళ్ళందరూ అడవిలో. నేను జేబులోంచి నోట్లు తీసి ఆ మిషను ముందు పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. నా చిన్న ఫోను నుంచి మిషను మీద రాసిన నంబరుకు చేస్తే, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని ఒక ఆడగొంతు చెప్పి పాట పెట్టింది.

ఆరోసారి ఎవరో ఎత్తారు.

"ఎవురు?"

"తాతా! నేను ఫల్గుణని. ఎవులూ లేరా?"

"అందరూ పండగలో ఉన్నారు. నువ్వేటి, ఏటకి రాకుండా బండి తోలతన్నావా, ఆడంగి గుంటడా!" మంగ్లు తాత. ఎనభై దాటినవాడు. వేటకు కాళ్ళు లేక ఊళ్ళో మిగిలాడు.

"తాతా, తిట్టు తరవాత. పోనులో ఒక కాయితం వొచ్చింది. మజ్జ బొత్తాం నొక్కు. ఒక వరసలో నాలుగే గుర్తులుంటాయి. అయి సెప్పు."

"నాకు సదువొచ్చా?"

"ఎలాగుంటే అలాగే సెప్పు తాతా, బేగి!"

కాసేపు ఊపిరి చప్పుడు. "మొదట... గుడ్డు మీద గుడ్డు."

ఎనిమిది, అని వేలు నొక్కాడు ఫల్గుణ.

"తరవాత కర్ర. తరవాత ఒట్టి గుడ్డు. కొసన తోకున్న గింజ."

"తోక పైకా, కిందకా?"

"కిందకే."

ఎనిమిది, ఒకటి, సున్నా, తొమ్మిది. వెనక సీట్లో నా ఒళ్ళో తలపెట్టుకున్న అన్నపూర్ణ కళ్ళు తెరిచింది. "మంగ్లు తాత నా రాత్రిబడికి రానన్నాడు కదూ" అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వింది కూడా. అదే ఆమె ఆఖరి మాట.

తప్పు అంది ఆప్. మళ్ళీ అవే కొట్టాడు. తప్పు. తోక సరిగ్గా చూసి ఉండడని తొమ్మిది తీసి ఆరు పెట్టాడు. తప్పు. మూడుసార్లు అయింది కాబట్టి అరగంట ఆగమంది.

ఫల్గుణ గొట్టం పీకి కింద పడేశాడు. "పోదాం మాస్టారూ. బండి ఎంతవరకు ఎక్కితే అంతవరకు." ఏసీ ఆపాడు. ఫ్యాను ఆపాడు. చెప్పులు విప్పి ఉత్త పాదంతో తోలాడు, కాలికి బాగా తెలుస్తుందని. ఏడు, అయిదు, మూడు. కాఫీ తోటలు ఇంత మెల్లగా వెనక్కి పోవడం నేనెప్పుడూ చూడలేదు. కనుమ ఇంకా రెండు మలుపులుందనగా బండి ఆగిపోయింది.

పై మలుపు నుంచి పాట వినిపించింది. మమ్మల్ని చూసి ఆడవాళ్ళు గడలతో దిగి వచ్చారు. "ఏటి మావా, డబ్బులడుగుతామని కిందే ఆపేసినావా? పిసినారి మావా!" అని చుట్టూ చేరి ఒకటే నవ్వు.

రత్నాలు కిటికీలోకి తొంగి చూసింది. "నోరు ముయ్యండే! టీచరమ్మ!"

గడలు రోడ్డు మీద పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పాతిక మంది పండుగ చీరలు దోపుకుని బండికి చేతులు వేశారు. ఫల్గుణ తలుపు తెరిచి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, తానూ తోస్తూ నడిచాడు. రెండు మలుపులూ అలాగే ఎక్కించారు. కనుమ దాటాక బండి తనంతట తాను దొర్లింది, ఫల్గుణ లోపలికి దూకాడు.

దిగుతుంటే అతను చెప్పినట్టే అంకె పెరిగింది. ఒకటి, రెండు, నాలుగు. ప్రతి అంకే పైకి చదివాడు, ఆమెకు వినిపించాలన్నట్టు. "అయిదమ్మా. ఆరమ్మా." ఏడు అన్న తర్వాత అద్దంలో నా ముఖం చూశాడు. అంకెలు చదవడం ఆపేశాడు కానీ బండి ఆపలేదు. శృంగవరపుకోట ఆసుపత్రి ముందు ఆగినప్పుడు పదకొండు శాతం ఉంది.

పదకొండో రోజున మా ఇంటికి వచ్చాడు. మెట్ల మీదే కూర్చున్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు నేల మీద పెట్టాడు. దాని మీద పెద్దగా 8109 అని రాసి ఉంది.

"ఆ పోనుకి తాడు కట్టే బెజ్జం కింద ఉంటాది మాస్టారూ. పోను తలకిందులుగా ఏలాడతాది. రత్నాలైతే తల వొంచి సదువుతాది. తాతకి ఏటి తెలుసు?" అని కాగితాన్ని వేలితో మెల్లగా తిప్పాడు. 6018.

"ఆయన సరిగ్గానే సెప్పినాడు. తిప్పుకోవలసింది నేను. ఎన్నిసార్లు ఆ పోనులో మాటాడలేదు నేను!"

నా చిన్న ఫోను నంబరుతో కొత్త ఖాతా తెరవవచ్చన్న సంగతి ఆ రోజు నాకూ తట్టలేదని చెప్పాను. అది అతని చెవికెక్కలేదు. మంగ్లు తాత ఆ చెట్టు దారి మానేసి చుట్టూ తిరిగి నడుస్తున్నాడన్నాడు. ఆప్‌లో నంబరు మార్చుకోరా అంటే, "టీచరమ్మ రాసినది" అన్నాడు.

తర్వాత తల ఎత్తి అడిగాడు. "ఆ నాలుగూ సరిగ్గా కొట్టుంటే బతికేదా మాస్టారూ? డాకటరుని అడిగినారా?"

అడగలేదు. ఔనంటాడేమోనని.