మంగళం అందుకోని వంతగాడు

ఎమ్మే పూర్తిచేసి, విదేశీ యూనివర్సిటీలకు అర్జీలు పెట్టుకుంటూ, అచ్చమైన పండితుణ్ణని నాకు నేనే అనుకుంటున్న ఆ రోజుల్లో, మా ఇంట్లో మాత్రం నన్ను ఖాళీగా ఉన్న మనిషి కింద లెక్కేశారు. అందుకే మా మేనమామను పూండి నుంచి పలాస డయాలసిస్‌కు తీసుకెళ్లే పని నాకు పడింది. ఉద్దానంలో కిడ్నీలు పోవడం వింతేమీ కాదు. భోజనమైందా అన్నంత మామూలుగా మిషనుకెళ్లొచ్చావా అని అడుగుతారు.

మావ జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాడు. ఆయన ఒక చరణం పాడితే వెనక వంతగాడు అందుకోవాలి. చిన్నప్పటి నుంచి ఆ వంత నాదే. (నా సంగీత విద్య మొత్తం అంతే. ఇప్పుడు జర్మనీలో కథాగానం మీద పాఠాలు చెబుతున్నది ఆ పెట్టుబడితోనే. వాళ్లకు తెలియనివ్వకండి.) మావ బృందంలో ఒక కట్టుబాటుండేది. ఎత్తుకున్న కథకు మంగళం పాడేదాకా కథకుడు గానీ వంతగాడు గానీ లేచిపోకూడదు. డాక్టరు పెదవి విరిచిన రోజున మావ ఆస్పత్రి మంచం మీదే ఒక రాజు కథ ఎత్తుకున్నాడు.

"కత సగంలో ఉన్నోడ్ని యముడైనా లేపడురా అల్లుడా," అన్నాడు.

ఇక ఆ రాజు యుద్ధానికి కదిలితే ఒట్టు. వారాల తరబడి గుర్రానికి జీను కడుతూనే ఉన్నాడు. పక్క మంచం మీది కంచిలి అత్త విసుక్కునేది.

"ఆ గుర్రం ముసిలిదైపోతంది. ఎక్కించన్నా."

"ఎక్కితే దిగాల కదే సెల్లీ."

నర్సు కసిరేది, కసిరి అక్కడే నిలబడి వినేది. మధ్యలో మంచాలు ఖాళీ అయ్యేవి. వాటి మీదికి కొత్తవాళ్లు వచ్చేవారు. వాళ్ల కోసమని మావ కథ మళ్లీ మొదటికి తెచ్చేవాడు.

ఇంతలో జర్మనీలో సీటొచ్చింది. కథ అవ్వలేదు కదా, వెళ్లనన్నాను. తర్వాత మిషనుకెళ్లిన రోజు, సూది గుచ్చగానే, మావ రాజును గుర్రం కూడా ఎక్కించకుండా మంగళం ఎత్తుకున్నాడు. వంత అందకపోతే మంగళం చెల్లదు. నేను పళ్లు బిగించాను.

"అందుకోరా."

"అందుకోను మావా."

"నాకోసం ఆగిపోతే నీ సదువేటైపోద్ది?"

గోడవైపు తిరిగి నిలబడ్డాను. భయమేసింది, ఏడుపొచ్చింది. మావ మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి కంచిలి అత్త అందుకుంది. ఆమె వెనక ఒక్కో మంచమూ అందుకుంది. వినీ వినీ అందరికీ వచ్చేసింది. నర్సు కూడా పాడింది, శ్రుతి తప్పి.

నేను విమానమెక్కాను. మావ ఆ నెల గట్టెక్కలేదు.

ఇలాంటివన్నీ ఉత్త నమ్మకాలేనని ఇప్పుడు క్లాసులో గంభీరంగా చెబుతాను. మంగళం పాఠం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏటా ఏదో వంక వెతుక్కుంటాను. ఈసారి జలుబన్నాను. నెత్తి నెరుస్తున్న పండితుడు రెండు చరణాలకు భయపడటమేమిటని నాకే నవ్వొస్తుంది. నవ్వుకుని, దాని పక్క పాఠం తెరుస్తాను.