గాలం భుజాన వేసుకుని సూర్యలంకకు

ఆదోని పత్తి యార్డులో ఏజెంటుగా ఉన్న మా బావకు సముద్రం మీద ప్రేమ ఫోన్లో పుట్టింది. ఒడ్డున నిలబడి గాలం వేసే వీడియోలు చూసి చూసి, తనకంటే పొడవైన గాలం కర్ర తెప్పించాడు. అసలు సంగతి వేరే. పెళ్లయి ఇన్నేళ్లయినా, గోనెగండ్లలో సేద్యం చేసే మా నాన్న అల్లుణ్ణి ఒక్క మాట మెచ్చుకోలేదు. "ఆయప్ప సేత్తో ఏ పనీ సేసి ఎరగడు" అంటాడు. ఆ నోటితోనే మెప్పు పొందాలని బావ ఆయన్నీ బయల్దేరదీశాడు. సాక్షిగా నేను.

మధ్యాహ్నం ఆదోనిలో రైలెక్కి, గుంతకల్లులో గుంటూరు బండికి మారాం. జొన్నరొట్టెలు, వేరుశనగ బుడ్డల పొడి వెంట ఉన్నాయి. ఎదురు సీటు అవ్వ కర్రను తేరిపార చూసింది.

"ఏమిప్పా అది, బూజుకర్రనా?"

"సముద్రంలో చేపలు పట్టేదానికవ్వా" అన్నాడు బావ గర్వంగా.

"ఆడ అమ్మరా?" అంది అవ్వ.

తెల్లారి గుంటూరులో దిగి, బస్సులో బాపట్ల, అక్కణ్ణుంచి ఆటోలో సూర్యలంక చేరేసరికి తొమ్మిదయింది. మీరైతే బాపట్లలో గది తీసుకోండి. పని సాయంత్రానికే అయిపోతుందని బావ ధీమా, అందుకే మేం తీసుకోలేదు.

నాన్న సముద్రం చూడడం అదే మొదలు. కాసేపు కన్నార్పకుండా చూసి, కొబ్బరిబోండాల అతన్ని అడిగాడు: "ఈ నీళ్లు ఎప్పుడు ఆపుతారన్నా? మా తట్టు కాలువకు వంతుల్లెక్కన వదుల్తారు."

"దీన్నెవరు ఆపుతారు బాబాయ్!" అని అతను కత్తి పక్కనబెట్టి నవ్వాడు.

బావ కూడా తక్కువేం తినలేదు. కాలువలో వేసినట్టు గాలానికి బెండు కట్టి విసిరాడు. అల దాన్ని భద్రంగా తెచ్చి బావ కాళ్ల దగ్గరే పెట్టింది. కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లు బెండు ఇంట్లో వదలండి, బరువైన సీసం గుండు కట్టండి. తర్వాత బావ బర్మా దాకా విసరబోయాడు. ప్రతి విసురుకూ ఎరగా గుచ్చిన రొయ్య ఒక దిక్కు, గాలం ఒక దిక్కు పోయాయి. రొయ్యను దారంతో చుట్టి కట్టాలని అప్పుడు తెలిసింది. అంత దూరం అక్కర్లేదు కూడా. అలలు విరిగే చోట, దగ్గర్లోనే లోతు కాలువలా ఉంటుంది. చేపలు అక్కడికే వస్తాయి.

మధ్యాహ్నానికి చేతులు పడిపోయి దూరం తగ్గాక, బావ విసురు సరిగ్గా ఆ లోతులో పడింది. కర్ర వంగింది.

"తగిలింది మామా!"

అలలో చేప తళుక్కుమంది. అల వెనక్కి పోయేటప్పుడు లాగకూడదు, తర్వాతి అలతో పాటు లాగాలి. వీడియోల్లో చెప్పిన ఆ ముక్క బావకు గుర్తుంది. ఆగాడు. నాన్న ఆగలేదు.

"ఏంది సూస్తాండావప్పా, లాగు!" అంటూ నీళ్లలోకి ఉరికి, దారం పట్టుకుని కాలువ గట్టున లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. దారం తెగింది. నాన్న వెల్లకిలా పడ్డాడు. చేప దాని దారిన అది పోయింది.

నాకు నవ్వు ఆగలేదు. బావ మాత్రం కర్ర విప్పి సంచిలో పెట్టాడు. ఆ ముఖం చూశాక నా నవ్వుకు నాకే సిగ్గనిపించింది.

తిరుగు రైల్లో పక్క సీటాయన సంచిలోంచి పొడుచుకొచ్చిన కర్ర చూసి, "ఏమన్నా పడిందా?" అన్నాడు.

"పడింది, పోయిందన్నా. ఇంతుండె" అని బావ జానెడు చూపించాడు. నిజానికి జానెడు కూడా లేదు.

నాన్న రొట్టె పక్కన పెట్టాడు. "ఇంతనా? దగ్గర్నుంచి సూసింది నేను" అంటూ చేతులు రెండూ బార చాచాడు. "మా అల్లుడు వొడ్డు దాకా తెచ్చినాడు. గుంజి పోగొట్టింది నేను."

బావ ఆయన పక్కకు జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "మామా, ఇంటికి పోయినాక ఆ మాట మీ కూతురు ముందర ఇంగొకసారి సెప్తావా?"