కారు షెడ్డు కింద నీళ్లు

మా పెదనాన్నకి కోపం ముక్కు మీదే ఉంటుందంటారు. ముప్పయ్యేళ్లు బండనేలలో ఇనప కడ్డీలు దిగ్గొట్టినవాడికి కోపం ఇంకెక్కడుంటుంది? నేలలోకి కరెంటు పంపి నీళ్లు ఎక్కడున్నాయో చూడటం ఆయన పని. ఒకే వరుసలో నాలుగు కడ్డీలు. చివరి రెండూ కరెంటు పంపుతాయి, మధ్య రెండూ కొలుస్తాయి. గట్టి బండ కరెంటుని పోనివ్వదు. ఆ బండ పగిలి, పగుల్లో నీళ్లుంటే పోనిస్తుంది, మీటరులో అంకె పడిపోతుంది. కడ్డీలు దూరం జరిపేకొద్దీ లోతు తెలుస్తుంది. నేల ఎండిపోయి ఉంటే కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పొయ్యాలి. ఆ ఉప్పుకి ఆయన అరచేతులు కూడా బీటలు వారాయి.

నేను నర్సుగా ఉన్న ఆసుపత్రికి ఒకే ఒక్క బోరు మంజూరైంది. మా కాన్పుల వార్డు రెండో అంతస్తులో. పుట్టిన బిడ్డని తుడవాలన్నా వీధి ట్యాంకు నుంచి బకెట్లు మోసేది మేమే. మెట్లెక్కే ప్రతిసారీ ఒళ్లు మండిపోతుంది. కొలవడానికి పెదనాన్నే వస్తున్నాడంటే ఎగిరి గంతేశాను.

గోడ వెంబడి కొలుస్తుంటే ఒకచోట అంకె దబ్బున పడింది. బోరు పని చూసే ఇంజనీరు చప్పట్లు కొట్టాడు.

"ఆగండి సార్. దగ్గర కొలిచినా దూరం కొలిచినా ఒకేలా పడుతోంది. ఇది నీళ్ల వాలకం కాదు. గోడ పక్కన పాత ఇనప గొట్టమేదో ఉంటుంది. వరుస అడ్డంగా తిప్పి చూద్దాం. ఒక్క పూట పని," అన్నాడు పెదనాన్న.

అడ్డంగా తిప్పితే వరుస పెద్దడాక్టరు కారు షెడ్డులోంచి పోతుంది. కారు తియ్యమని అడగడానికి ఇంజనీరుకి నోరు పెగల్లేదు. "నీ అనుమానాలకి నాకు టైము లేదయ్యా," అని బోరు బండి పిలిపించాడు.

గోడ పక్కనే మూడొందల అడుగులు దించారు. దుమ్మే. మా కిటికీలన్నీ తెల్లబడ్డాయి. పక్కనే పెదనాన్న పలుగుతో తవ్వితే తుప్పుపట్టిన గొట్టం బయటపడింది.

ఆదివారం పెద్దడాక్టరు కారేసుకుని ఊరెళ్లాడు. పెదనాన్న వరుస అడ్డంగా తిప్పాడు, ఉప్పునీళ్లు నేను పోశాను. షెడ్డు కింద అంకె పెరిగి పెరిగి, నూట ఎనభై అడుగుల దగ్గర దిగింది. దిక్కు మార్చి కొలిచాం. అక్కడే మళ్లీ దిగింది.

సోమవారం ఇంజనీరు కాగితం తెచ్చాడు. "ఈ ఆవరణలో భూగర్భ జలం లేదు." కింద పెదనాన్న సంతకానికి ఖాళీ. "పెట్టెయ్యవయ్యా, ఇద్దరం బయటపడతాం."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! పొరపాటు ఎవరైనా చేస్తారు, దానికి కాదు నా కోపం. ఆ కాగితం ఫైలుకెక్కితే ఇక ఎవ్వరూ ఇక్కడ బోరు వెయ్యరు. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఆసుపత్రి గొంతు ఎండగట్టే మనిషిని ఏమనాలి?

పెదనాన్న సంతకం చోట "నీళ్లున్నాయి. కారు షెడ్డు కింద" అని రాసి పెన్ను విసిరికొట్టాడు. సాయంత్రానికి ఆయన్ని పనిలోంచి పక్కన పెట్టారు.

మర్నాడు పొద్దున పెద్దడాక్టరు వచ్చేసరికి షెడ్డు నిండా ఖాళీ బకెట్లు. అన్ని వార్డులవీ. కాన్పుల వార్డుకి మాత్రం రెండు ఉంచుకున్నాం. ఆయన హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు. విసురుగా దిగి పైకొచ్చి, రౌండ్సుకి ముందు, రోజూ మేం బకెట్లతో నింపే డ్రమ్ము కుళాయి తిప్పాడు.

"చేతులు కడుక్కోవాలి, నీళ్లేవీ?" అని నా మీద అరిచాడు.

"మీ షెడ్డు కింద ఉన్నాయి సార్," అన్నాను.