అక్క నొక్కని బటన్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆనాటి నష్టాన్ని ఇంట్లో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. నేనే మరవలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మాది ముక్తేశ్వరం. కరుణక్క నా తోడికోడలు, మా బావగారి భార్య. పదో తరగతితో చదువు ఆపేసింది. నేను డిగ్రీ చదివి, అమలాపురంలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. "మా చిన్నకోడలికి కంప్యూటర్ వచ్చండీ" అని అత్తయ్యగారు చర్చిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పేవారు. ఆ మాట ఎంత తియ్యగా ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అక్క వీధిగదిలో జాకెట్లు కుట్టేది. బావగారు ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నారు. దాంతోపాటు డిజైన్లు గీసే ప్రోగ్రామ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి వచ్చింది. అక్కకి మౌస్ పట్టుకోవడం నేనే నేర్పాను. మూడు నెలలు తిరిగేసరికి నాకు రానివన్నీ ఆవిడకి వచ్చేశాయి. పెరట్లో కొబ్బరిపూత చూసి తనే ఒక అంచు గీసింది. పెళ్లికూతురి తెల్లచీర మీద అదే అంచు కావాలని అప్పనపల్లి నుంచి కూడా వచ్చేవారు. కంప్యూటర్ గురించి నన్ను అడిగేవాళ్లు లేకుండా పోయారు.

అసూయపడ్డానా? లేదనే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ఆ కంప్యూటర్ బాగా నెమ్మది. ఒక మధ్యాహ్నం అక్క దారాలు కొనడానికి అమలాపురం వెళ్లింది. ఎవరూ అడగకుండానే వెళ్లి దాని ముందు కూర్చున్నాను. ఆవిడ తిరిగొచ్చేసరికి పరుగెత్తేలా చేసిపెట్టాలి, అదీ నా ఆలోచన. నెట్‌లో వెతికితే, కంప్యూటర్‌ని శుభ్రం చేసి వేగం పెంచుతానంటూ రిజిస్ట్రీ క్లీనర్ అని ఒకటి దొరికింది. ఉచితం. రిజిస్ట్రీ అంటే కంప్యూటర్ తన లోపల రాసుకునే పెద్ద చిట్టా; ఏ ప్రోగ్రామ్ ఎక్కడుంది, దానికేం అనుమతులున్నాయి, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ చిట్టాలో వెయ్యికి పైగా తప్పులున్నాయని ఎర్రటి అక్షరాల్లో చూపించింది. నేను భయపడ్డాను. నిజం చెప్పాలంటే, సంతోషించాను కూడా. ఇన్ని తప్పులున్న సంగతి అక్కకి తెలియలేదు, నాకు తెలిసింది కదా!

అవేం తప్పులో ఒక్కటీ చదవలేదు. అన్నీ సరిచేయమని నొక్కాను.

తిరిగి ఆన్ చేస్తే వేగం వెంట్రుకవాసి కూడా పెరగలేదు. డిజైన్ల ప్రోగ్రామ్ మాత్రం తెరుచుకోలేదు. లైసెన్స్ లేదంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. అప్పుడు చేసిన పనే అసలు తప్పు. ఎవరికీ కనపడకూడదని ఆ క్లీనర్‌ని కంప్యూటర్‌లోంచి పూర్తిగా తీసేశాను. తీసేసినవాటిని వెనక్కి తెచ్చుకునే దారి ఆ క్లీనర్‌లోనే ఉండేదట. ఆ సంగతి చాలా రోజుల తరవాత తెలిసింది. ఆనవాలు చెరుపుతున్నాననుకుని ఆ దారినీ చెరిపేశాను.

సాయంత్రం అక్క వచ్చి కూర్చుంది. కాసేపటికి నన్ను పిలిచింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఇది తెరుచుకోట్లేదమ్మా. నిన్న బాగానే ఉంది. నేనేమైనా తప్పు నొక్కేనా?"

ఆ ప్రశ్నకి జవాబు నా నోట్లోనే ఉంది. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. తిట్టేది కూడా కాదు ఆవిడ.

"నిన్న ఏదో నొక్కేసుంటారక్కా," అన్నాను. "చూసుకోవాలండీ."

"ఆయ్... నొక్కేసే ఉంటాను," అంది అక్క, తన వేళ్లవైపు చూసుకుంటూ. "నాకేం తెలుసు చెప్పు."

బావగారు అడిగితే తప్పు తనదేనని తనే చెప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మిషన్ అమ్మినాయన రాజమండ్రి నుంచి వచ్చి చూశాడు. ఆ పాత ప్రోగ్రామ్‌కి ఇప్పుడు లైసెన్స్ ఇవ్వరు, కొత్తది వేసుకోవాలి అన్నాడు. ఒప్పుకున్న పెళ్లిచీర ఆగిపోయింది. పెళ్లికూతురి తల్లి గుమ్మంలో నిలబడి అన్న మాటలన్నీ అక్క తలొంచుకుని వింది. కొత్త ప్రోగ్రామ్ వచ్చాక కూడా దాని ముందు కూర్చోలేదు. "నాకొద్దండీ, మళ్లీ పాడుచేస్తాను" అని బావగారితో అనేసింది. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి జీతానికి ఒక ఆపరేటర్‌ని పెట్టారు. అక్క గీసిన కొబ్బరిపూత అంచు ఆ పాత ప్రోగ్రామ్‌లోనే ఉండిపోయింది.

తరవాత నేను ఆ క్లీనర్ల గురించి చదివాను. చిట్టాలో మిగిలిపోయిన పాత ముక్కల వల్ల కంప్యూటర్ నెమ్మదించదట. వాటిని తీసినా ఒరిగేదేమీ ఉండదట. పనికొచ్చే ముక్క పోతే మాత్రం ప్రోగ్రామ్ ఆగిపోతుందట. మా దానికి కావలసింది కాస్త ఎక్కువ మెమరీ. అంతే! చదువుతుంటే ఒళ్లు మండింది. లేని జబ్బుకి మందు అమ్మిన ఆ ఎర్ర అక్షరాల మీద. నెలల తరబడి నేర్చుకున్నాననుకుని ఈపాటి సంగతి తెలుసుకోని నా మీద. ఎంతసేపు క్లీనర్‌ని తిట్టుకున్నా చివరికి ఒకచోటికే వచ్చి ఆగుతాను. అబద్ధం చెప్పమని అది నన్ను అడగలేదు కదా?

పోయిన వారం అమలాపురంలో ఏటీఎం దగ్గర లైన్లో నిలబడ్డాం, అక్క ముందు, నేను కాస్త వెనక. అక్క వంతు వచ్చింది. తన వెనకనున్న ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో కార్డు పెట్టింది. "మీరు నొక్కండి బాబూ. నేను నొక్కితే పాడైపోద్ది," అంది నవ్వుతూ. అతనూ నవ్వాడు. నేను గబగబా వెళ్లి కార్డు తీసుకున్నాను. డబ్బు తీసిచ్చాను.

ఆవిడకి ఎందుకు చెప్పలేదంటారా? చెబితే క్షమించేస్తుంది. క్షమించి, టీ పెట్టనా అని అడుగుతుంది. నేను తట్టుకోలేనిది అదేననుకుంటాను. లేక ఇది కూడా నేను వెతుక్కున్న సాకేనా?

ఆ రోజు ఆ బటన్ నొక్కింది అక్క కాదు. నేను. ఇలా రాసిపెట్టడం ఇదే మొదటిసారి. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. క్షమించానన్న మాట అనాల్సిన మనిషి పక్కగదిలో కూర్చుని, ఆపరేటర్ ఎంబ్రాయిడరీ చేసి ఇచ్చిన జాకెట్ల వెనక దారాలు కత్తిరిస్తోంది.