రుబ్బురోలు తిప్పిన చేత్తోనే కారు తిప్పాను

సరోజా, నిన్న నువ్వు రాసింది తప్పు. ఆ రోజుల్లో మీ ఇంటి టీవీకి ఆటపెట్టె తగిలించి ఆడిన కారు పందెం గెలిచింది మీ అన్న కాదు, నేను. ఈరోజు మా మనవరాలు అలాంటి పాత ఆటపెట్టె ఒకటి కొనుక్కొచ్చి, కారు తిప్పే ఆ గుండ్రటి మీట నా చేతిలో పెట్టగానే అంతా గుర్తొచ్చింది.

"పిండి రుబ్బేదానివి, నీకేం తెలుస్తాదే కారు? ఓడితే మళ్లీ దీన్ని ముట్టుకోగూడదు" అన్నాడు మీ అన్న. అని, మీట జర్రున తిప్పి మలుపు మలుపుకీ గుద్దుకున్నాడు. నా చేతికింకా మినపపిండి వాసన. రోట్లో పొత్రం తిప్పినట్టే నిదానంగా తిప్పాను. ఒక్క కారుకూ తగల్లేదు. "ఇంకొక్కసారి ఆడదాం మే" అని బతిమాలినాడు, గుర్తుందా?

ఆదివారం మీ అన్నని తీసుకురా, మనవరాలి పెట్టె మీద మళ్లీ ఆడదాం. వచ్చేటప్పుడు అరకిలో మినప్పప్పు నానబోసి తెమ్మను. మా రోలు పెరట్లోనే ఉంది, కారు తిప్పే ముందు చెయ్యి తిరగాలి కదా.